లెక్కపెట్టకూడని మంద

ఆ ఏడు పొద్దు గూకే వేళంటే బీరన్నకు బెంగ పట్టుకుంది. పొద్దంతా మంద వెంట నడిచి కాళ్ళు పీక్కుపోయి ఇంటికి చేరిన మనిషికి ఇంత అన్నం, ఒక నులక మంచం దొరికితే చాలు. మంచం ఉండనే ఉంది. కాకపోతే దాని మీద అతనికంటే ముందే రెండో తరగతి లెక్కల పుస్తకం పరుచుకుని ఉండేది. పక్కనే కూతురు స్రవంతి కాళ్ళాడిస్తూ బాపు కోసం ఎదురుచూస్తూ ఉండేది.

ఈ బరువు అతను కోరి నెత్తిన పెట్టుకున్నది కాదు. భార్య అలివేలు మిర్యాలగూడలో బియ్యం మిల్లుకు పనికి పోతుంది. పొద్దున్నే ఆటోలో ఇరుక్కుని పోయి, పొద్దంతా వడ్లు ఆరబోసి, ఊడ్చి, ఎత్తి, మళ్ళీ అదే ఆటోలో ఇరుక్కుని వచ్చేసరికి ఊళ్ళో వీధి దీపాలు వెలిగేవి. తల నిండా ఊక దుమ్ము, గొంతు నిండా దగ్గు. వచ్చీరాగానే పొయ్యి ముట్టించే ఆడదాన్ని పట్టుకుని పిల్లకు తీసివేతలు చెప్పమనడానికి నోరు రావాలి కదా. బీరన్నకు రాలేదు. ఇంట్లో మిగిలింది ముసలి తండ్రి ఐలన్న. ఆయనకు బడి గుమ్మం ఎటువైపు ఉంటుందో కూడా తెలియదు. కాబట్టి రెండో తరగతి దాకా చదివిన బీరన్నే ఆ ఇంటికి పండితుడు.

ఆ రెండో తరగతి కూడా పూర్తి కాలేదనుకోండి. మాడుగులపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఆ చిన్న ఊళ్ళో, బడి కిటికీలోంచి తండ్రి మంద కనపడేది. ఒకనాడు ఐలన్నకు జ్వరం వచ్చి పిల్లవాడి చేతికి కట్టె ఇచ్చాడు. జ్వరం తగ్గింది గానీ కట్టె మాత్రం మళ్ళీ వెనక్కి పుచ్చుకోలేదు. అప్పటి నుంచి బీరన్న బతుకంతా గొర్రెల వెనకే గడిచింది. అదీ సుఖమైన బతుకేం కాదు. సాగర్ కాలువకు నీళ్ళొదిలితే ఊరంతా సంబరపడుతుంది, గొర్రెల వాడికి మాత్రం అప్పుడే కష్టకాలం. ఎటు చూసినా వరి మడే, ఎక్కడ అడుగు పెట్టినా ఎవరో ఒకరి తిట్టే. ఇంత మేత కోసం గుట్టలు పట్టుకుని తిరగాలి. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల ఆ గుట్టల పాలు కాకూడదని అతని పట్టుదల. అలివేలుది అంతకు రెండింతలు.

పట్టుదల ఉంటే సరిపోదు, లెక్క రావాలి. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు. బీరన్న తెలుగు పక్కనే కూడబలుక్కుంటూ చదివేవాడు. పదమూడు చింతగింజలు ముందు పోసుకుని స్రవంతి అడిగేది, ఎనిమిది పోతే ఎన్ని ఉంటయి బాపు అని. సగం నిద్రలో ఉన్న బీరన్న ఉలిక్కిపడి లేచి, ఎటు పోయినయ్, ఎవరి చేన్ల పడ్డయ్ అనేవాడు. పిల్ల పడీపడీ నవ్వేది. వంట దగ్గర నుంచి అలివేలు కూడా నవ్వేది. ఆ నవ్వుల మధ్య ఎనిమిది గింజలు పక్కకు జరిగేవి, అయిదు మిగిలేవి, తండ్రీ కూతుళ్ళకు ఏదో ఒక జవాబు దొరికేది. తల ప్రాణం తోకకు వచ్చినా, అబద్ధమెందుకు, ఆ కాసేపు బీరన్నకు బాగానే ఉండేది.

బడిలో ఉన్నది ఇద్దరే టీచర్లు. వాళ్ళలో సరోజ టీచర్ చాలా ఓపిక ఉన్న మనిషి. అయిదు తరగతుల పిల్లలను రెండు గదుల్లో కూర్చోబెట్టుకుని, ఒక గదికి చెబుతూ ఇంకో గదిని కసురుతూ నెట్టుకొచ్చేది. బడి తెరిచిన కొత్తలో తల్లిదండ్రులను పిలిచి మీటింగ్ పెట్టింది. వచ్చినవాళ్ళంతా ఆడవాళ్ళే, ఒక్క బీరన్న తప్ప. పిల్లల బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. టీచర్ చెప్పింది చిన్న సంగతే. లెక్కలు బడిలో నేర్చుకుంటే సగమే వస్తాయి, ఇంట్లో కూడా పిల్లల పక్కన కూర్చోండి, మీకు రాకపోయినా ఫర్వాలేదు, చింతగింజలో గాజులో కోడిగుడ్లో ఏవుంటే వాటితోనే లెక్కపెట్టించండి, కూడించండి, తీయించండి అంది. అంటూ అంటూ బీరన్న వైపు చూసి, నీకేం బీరన్నా, ఇంట్లో గొర్రెల మందే ఉంది కదా అని నవ్వింది. అందరూ నవ్వారు. బీరన్న కూడా పళ్ళు బయటపెట్టాడు. ఆమె అన్నది ఎంత పెద్ద మాటో ఆమెకు తెలియదు, ఎట్లా చెప్పాలో అతనికి తెలియలేదు.

ఎందుకంటే ఐలన్న ఇంట్లో గొర్రెలను లెక్కపెట్టరు. ఐలన్న తండ్రి లెక్కపెట్టలేదు, తాత లెక్కపెట్టలేదు. ఎన్ని ఉన్నాయని ఎవరైనా అడిగితే, దేవుడిచ్చినన్ని అనాలి. వదలకుండా అడిగితే తగ్గించి చెప్పాలి. నిజం లెక్క నోట వచ్చిందంటే మందకు దిష్టి తగిలినట్టే, ఆ వారంలోనే సావు చూడక తప్పదని వాళ్ళ గట్టి నమ్మకం. అట్లాగని ఏది వచ్చిందో ఏది తప్పిపోయిందో తెలియకుండా ఎవరూ లేరు. సాయంత్రం దొడ్డి తడిక దగ్గర ఐలన్న నిలబడేవాడు. ఒక్కొక్కటే లోపలికి పోతుంటే ముఖాలు చూసి పోల్చుకునేవాడు. అన్నీ పోయాక, చెవి తెగింది రాలే అనేవాడు. నిజంగానే అది వెనకబడి ఉండేది. అంతే, అక్కడికి లెక్క ముగిసినట్టు.

అంతెందుకు, బడులు తెరవక ముందు చిటుకు రోగం టీకాలు వేయడానికి కొండల్ వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. తొలకరి పడ్డాక లేత గడ్డి మేసిన గొర్రె పిల్లలు నిలబడ్డ చోటనే కూలిపోతాయి, దాన్నే చిటుకు అంటారు. కొండల్ ఊళ్ళు తిరిగి ఆ టీకాలు వేసే కుర్రవాడు. ముందు రోజు ఫోన్ చేసి, మందు తేవాలె, ఎన్ని ఉన్నయన్నా అని అడిగాడు. బీరన్న నోరు అలవాటు కొద్దీ అరవై అంది. కొండల్ అరవైకే మందు తెచ్చాడు. పెద్దవాటికి వేస్తూ వేస్తూ పిల్లల దగ్గరికి వచ్చేసరికి మందు అయిపోయింది. మళ్ళొచ్చినప్పుడు వేస్తానని పోయాడు. అతను వేరే ఊళ్ళలో పడ్డాడు, బీరన్నకు గుర్తు చేసే తీరిక లేకపోయింది. ఆ సంగతి అక్కడికి మరుగున పడింది.

మీటింగ్ అయిన తర్వాతి ఆదివారం. బీరన్న తడిక తీసి మందను బయటికి వదులుతున్నాడు. స్రవంతి పక్కనే రాయి మీద కూర్చుని ఉంది. ఊరికే కూర్చుందనుకున్నాడు. చివరి గొర్రె దాటగానే పిల్ల ఎగిరి దుమికి, వాకిట్లో ఉన్న తాతకు, దారిన పోయే వాళ్ళకు వినపడేలా అరిచింది, మనయి ఎనభై మూడున్నయ్, నేను ఒక్కదాన్నే లెక్కపెట్టిన అని. పిల్ల మొఖం చూడాలి అప్పుడు. అంత పెద్ద లెక్క ఆ పిల్ల ఎవరి సాయం లేకుండా చేయడం అదే మొదలు. సరోజ టీచర్ అక్కడ ఉంటే ఎత్తుకుని ముద్దు పెట్టుకునేది.

అక్కడున్నది టీచర్ కాదు, ఐలన్న. ముసలాయన మంచం మీంచి ఎట్లా లేచాడో తెలియదు, వచ్చి పిల్ల నోరు అరచేత్తో మూసేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి మంద చుట్టూ దిష్టి తీయమని కేకేశాడు. ఇక బీరన్న. వారం రోజులుగా చింతగింజలు ముందేసుకుని ఏ చదువు కోసం నిద్ర పాడు చేసుకున్నాడో, ఆ చదువే కళ్ళ ముందు నిలబడితే, ఆ మనిషికి కూడా ముందు భయమే వేసింది. ఇంకోసారి లెక్కపెడితే కాళ్ళిరగ్గొడత అన్నాడు. పిల్ల మొఖం మాడిపోయింది.

ఆ వారం మంచి వాన పడింది. గుట్ట కింద లేత గడ్డి మొలిచింది. మేత కరువులో ఉన్న బీరన్న సంతోషంగా మందను తోలుకుపోయాడు. మర్నాడు సాయంత్రానికి నాలుగు గొర్రె పిల్లలు పోయాయి. అన్నీ బాగా పాలు తాగి బలిసినవే, ఉదయం దాకా గంతులేసినవే. ఒకటి తల వెనక్కి వాల్చి కాళ్ళు కొట్టుకుంటూ బీరన్న చేతుల్లోనే పోయింది. విషయం తెలిసి కొండల్ పరుగున వచ్చి మిగిలిన పిల్లలకు టీకా వేశాడు. పోతూ పోతూ, నువ్వు చెప్పిన లెక్కకే తెస్తిగదన్నా, సరిగ్గ చెప్తే అన్నిటికీ పడుతుండె కద అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు, ఉన్న మాట అన్నాడు. ఆ మాట బీరన్న ఒక్కడే విన్నాడు, ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం వెతకక్కర లేదు. అతనికి ఓపిక లేదు. చెబితే అయ్యతో వాదం పెట్టుకోవాలి, తాత ముత్తాతల మాట తప్పు అనాలి, ఆయన అన్నం మానేస్తే బతిమాలాలి. అదంతా తలుచుకుంటేనే ఒళ్ళు బరువెక్కింది. ఐలన్న మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. నాలుగు పిల్లలను గుంటలో వేసి మట్టి కప్పుతుంటే, దూరంగా నిలబడ్డ మనవరాలి వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. అనకపోతేనేం, పక్కింటి ఏసమ్మ నల్లా దగ్గర అననే అంది. పిల్ల లెక్కపెట్టిందట గద, ఇగ బతుకుతయా అని. బిందె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్న స్రవంతి ఆ మాట వింది. ఏడవలేదు. బిందె నిండేదాకా నిలబడి, ఎత్తుకుని ఇంటికి వచ్చింది.

ఆ రోజు నుంచి మంచం మీద లెక్కల పుస్తకం కనపడలేదు. చింతగింజల డబ్బా అటకెక్కింది. బీరన్న వచ్చేసరికి మంచం ఖాళీగా ఉండేది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, అతని పట్ల ఎంత జాలి ఉన్నా దాచకూడదు. బీరన్నకు హాయి అనిపించింది. హోంవర్క్ లేదా బిడ్డా అని ఒకసారి అడిగాడు. లేదని పిల్ల తలూపింది. అంతే, రెండోసారి అడగలేదు. కాళ్ళు బారజాపుకుని పడుకున్నాడు, చాలా రోజులకు కంటి నిండా నిద్రపోయాడు. అట్లా ఎన్ని సాయంత్రాలు పోయాయో అతనికే తెలియదు.

సరోజ టీచర్ కబురు పెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మందను ఎవరికి అప్పజెప్పాలి అని మొదటిసారి పోలేదు. రెండోసారి మేనమామ కొడుకును బతిమాలి మంద వెంట పంపి పోయాడు. పిల్ల చదువు బాగా లేదని తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. పిల్లలందరినీ ఆటకు వదిలి, ఖాళీ గదిలో ఎదురుగా కూర్చుంది. ఆమె కూడా అలిసిపోయి ఉందని అతనికి అప్పుడే కనపడింది.

రోజుకొక పిల్ల లేచి, క్లాసులో ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి మధ్యాహ్నం అన్నం వండేవాళ్ళకు చెప్పడం ఆ బడిలో అలవాటు. పిల్లలకు అదొక హోదా, నా వంతంటే నా వంతని కొట్లాడతారు. ముందు రోజు స్రవంతి వంతు వచ్చింది. లేచి నిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. సిగ్గేమో అని టీచర్ దగ్గరికి తీసుకుంది. లెక్క మర్చిపోయావా అని అడిగింది. తల అడ్డంగా ఊపింది. మరి చెప్పు అంటే చెప్పదు. నెల రోజులుగా పలక మీద కూడా ఒక్క అంకె వేయడం లేదని, లెక్కల గంటలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోందని, మొండితనమనుకుని తాను కూడా రెండుసార్లు కసిరానని టీచర్ చెప్పింది. ఎంతో బుజ్జగించాక పిల్ల ఆమె చెవిలో ఒకే ఒక్క మాట చెప్పిందట.

"నేను లెక్కపెడితే సచ్చిపోతరు మేడం."

ఏం జరిగిందని టీచర్ అడిగితే, బీరన్న నీళ్ళు నమలకుండా మొదటి నుంచీ చెప్పాడు, కొండల్ అన్న మాటతో సహా. అది అతను మొదటిసారి పైకి చెప్పడం. తాను నవ్వులాటకు అన్న మాట ఇంత దూరం వచ్చిందా అని సరోజ టీచర్ కాసేపు నుదురు పట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. నేను చెబితే వినదు బీరన్నా, నేను బడిదాన్ని, భయం ఇంట్లోది అని.

ఇంటికి నడిచి వస్తున్నంత సేపూ ఒకటే ఆలోచన. ఇన్ని రోజులు ఆ పిల్ల కళ్ళు తెరిచి చూసిందంతా లెక్కపెట్టకుండా ఎట్లా ఉండగలిగింది? బడి దారిలో పిల్లలు ఎదురొస్తే, చెట్టు మీద పిట్టలు వాలితే, కంచంలో తల్లి రొట్టెలు వేస్తే, మనసులో దానంతటదే వచ్చే లెక్కను ఎట్లా నొక్కిపెట్టుకుంది? తను కాళ్ళు జాపుకుని నిద్రపోయిన సాయంత్రాలన్నీ పిల్ల ఆ పని చేసిందన్నమాట. బీరన్న దారి పక్కన కాలువ గట్టు మీద కూర్చుండిపోయాడు. అలసట అతనికి కొత్త కాదు గానీ ఇంత సిగ్గుతో కూడిన అలసట ఎన్నడూ ఎరగడు.

ఆ పూట అలివేలు వచ్చి గిన్నెలు సర్దుకునేదాకా ఆగాడు. తండ్రీ, భార్యా, పిల్లా అన్నం ముందు కూర్చున్నారు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక కూతురి వైపే తిరిగి చెప్పాడు.

"బిడ్డా, నువ్వు లెక్కపెట్టినందుకు సావలే అవి. నేను లెక్క తప్పు చెప్పినందుకు సచ్చినయ్. ఎనభై మూడుంటే అరవై అన్న. మందు సాలలే. పాపం నాది."

అలివేలు చేతిలో గరిటె ఆగిపోయింది. ఐలన్న తలెత్తలేదు. స్రవంతి తండ్రి మాటను నమ్మాలని చూస్తోంది, నమ్మలేకపోతోంది. అదంతా మొఖంలో కనపడుతోంది. చివరికి తాత వైపు తిరిగి, తాతా, నువ్వు గూడ గట్లనే అంటవా అని అడిగింది. ముసలాయన కంచం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని లేచి బయటికి పోయాడు. పిల్ల మళ్ళీ తల దించుకుంది. బీరన్న భయపడ్డ పంచాయితీ జరగలేదు గానీ, ముసలాయన వదిలిన అన్నం కంచంలో అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున తడిక దగ్గర బీరన్న ఒక పని చేశాడు. తడిక కొంచెమే తెరిచి, ఒక్కొక్క గొర్రెనే వదులుతూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి అనడానికే రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. చదువుకున్నవాళ్ళకు ఇది నవ్వులాటలా ఉండొచ్చు. నలభై ఏళ్ళు అనకూడదన్న మాట అనడమంటే ఏమిటో అన్నవాడికే తెలుస్తుంది. రెండు అన్నాడు, మూడు అన్నాడు, ప్రతి గొర్రె ముఖమూ ఇదే ఆఖరేమో అన్నట్టు చూశాడు. ముప్పై దాటాక మూడు గొర్రెలు ఒక్కసారే తోసుకొచ్చి లెక్క కాస్తా కలిసిపోయింది. ఐలన్న ఆ సమయానికి చెంబు పట్టుకుని, ముఖం తిప్పుకుని దూరంగా పోయాడు. గడపలో పండ్లపుల్ల నోట్లో పెట్టుకుని స్రవంతి చూస్తూ ఉంది, నమలడం కూడా మర్చిపోయి.

రోజూ అదే పని. రోజూ ఎక్కడో ఒక చోట తప్పిపోయేవాడు. ముఖాలు చూసి పోల్చడం పుట్టుకతో వచ్చినవాడికి, ముఖం చూడకుండా అంకె పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పలేం. నల్లది కనపడగానే అది నిన్న కుంటిన సంగతి గుర్తొచ్చి అంకె జారిపోయేది. ఒకనాడు నలభై తొమ్మిది తర్వాత అరవై అన్నాడు. వెనక నుంచి సన్నగా, యాభై బాపు అని వినిపించింది. తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని, యాభై, యాభై ఒకటి అంటూ పోయాడు. కొన్నాళ్ళకు పిల్ల గడప దాటి రాయి దాకా వచ్చింది. పెదవులు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. తర్వాత మాట కూడా వచ్చింది. చివరి గొర్రె దాటాక తండ్రీ కూతుళ్ళు ఒకేసారి డెబ్బై తొమ్మిది అనేవాళ్ళు. అన్నాక పిల్ల మంద గుట్ట దాటేదాకా చూస్తూ నిలబడేది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బడి సంచి కూడా దించకుండా మళ్ళీ వచ్చి నిలబడేది. ఏదీ చావలేదు. అయినా ఆ పిల్లకు నమ్మకం కుదరలేదని బీరన్నకు తెలుస్తూనే ఉంది. బడిలో ఇంకా అంకె వేయడం లేదు. తాత ఇంకా అటు తిరిగే నిలబడుతున్నాడు మరి.

అట్లా ఉండగా ముసలి బొల్లి గొర్రె మేత మానింది. పళ్ళన్నీ ఊడిపోయిన గొర్రె, ఎప్పుడో పోవలసింది, ఎన్నో ఈతలు ఈనింది. మూడో నాడు తెల్లారేసరికి దొడ్డి మూలన కాళ్ళు చాపి పడి ఉంది. స్రవంతి ఇంకా లేవలేదు.

అలివేలు ఆటో వచ్చే వేళయింది. కొంగు నడుముకు చుట్టుకుంటూ, పిల్ల లేవకముందే పూడ్చెయ్, అడిగితే అమ్మినమని చెప్పు అంది. కొంచెం కొంచెం బాగైతుంది, ఇది చూసిందంటే ఇగ లేవదు అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. బీరన్నకు కూడా అదే సులువనిపించింది. గొర్రె కాళ్ళు పట్టుకుని గుంట దాకా సగం దూరం ఈడ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఇంకాసేపట్లో పిల్ల తడిక దగ్గరికి వస్తుంది. తనతో పాటు లెక్కపెడుతుంది. ఒకటి తక్కువ వస్తుంది. అమ్మామని చెబితే నమ్ముతుంది కూడా, బాపు చెప్పింది కదా. మళ్ళీ ఒక తప్పు లెక్క. కొండల్‌కు చెప్పినంత సులువుగా కూతురికి కూడా చెప్పేయడమే. ఒళ్ళంతా వద్దంటున్నా బీరన్న గొర్రెను అక్కడే వదిలి, ఇంట్లోకి పోయి పిల్లను తట్టి లేపాడు.

పిల్ల వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"నేను లెక్కపెట్టకపోతె బతుకునా బాపు?"

"బతికేది గాదు బిడ్డా. ముసల్దైంది. పళ్ళు లేవు. మూడొద్దుల సంది మేయలే."

ఆ మాట చాలలేదు. చాలదని అతనికి కూడా తెలుసు. ఇంతకంటే చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. తడిక తెరిచాడు. ఒకటి అన్నాడు. పిల్ల అనలేదు. రెండు అన్నాడు, మూడు అన్నాడు, ఒక్కడే అంటూ పోయాడు, గొంతు బొంగురుపోతుంటే దగ్గుకుని మళ్ళీ అన్నాడు. రాయి మీద పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే అయిందని బీరన్నకు ఏడుపొచ్చినంత పనైంది. ఎక్కడో యాభైల్లో ఉన్నాడో అరవైల్లో ఉన్నాడో, లెక్క పోనే పోయింది. మంద మొత్తం బయటికి పోయింది. అతను ఊరికే తడిక పట్టుకుని నిలబడ్డాడు.

వెనక చప్పుడయింది. ఐలన్న చెంబు కింద పెట్టి, కట్టె ఊతంతో వచ్చి రాయి పక్కన నేల మీద కూలబడ్డాడు. ఈసారి ముఖం తిప్పుకోలేదు. దూరంగా పడి ఉన్న బొల్లి గొర్రెను చూశాడు, మనవరాలిని చూశాడు.

"నిన్న ఎన్నుండెనే మనయి?" అన్నాడు.

బీరన్న తన చెవులను తానే నమ్మలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ నోట అటువంటి ప్రశ్న వినలేదు. స్రవంతి తాత మొఖంలోకి చూసింది. చేతులు నోటి మీద నుంచి కొంచెం జారాయి.

"డెబ్బై తొమ్మిది," అంది, వినపడీ వినపడనట్టు.

"ఇయ్యాల?"

ఐలన్న ఎదురుచూశాడు. గుట్ట వైపు పోతున్న మంద అరుపులు దూరమవుతున్నాయి. బీరన్న వాటిని మళ్ళించాలి, మళ్ళించలేదు.

"డెబ్బై ఎనిమిది," అంది స్రవంతి.

"గంతే గద," అన్నాడు ముసలాయన. "ముసల్దొక్కటే పోయింది. నువ్వు జెప్పినంక ఇంకేం పోలే. నేను సూస్తనే ఉన్న."

అప్పుడు ఏడ్చింది పిల్ల. నాలుగు పిల్లలను గుంటలో వేసిన నాడు రాని ఏడుపు, నల్లా దగ్గర రాని ఏడుపు, బడిలో రాని ఏడుపు అంతా వచ్చింది. తాత భుజంలో మొఖం దాచుకుని, గొంతు తెరుచుకుని ఏడ్చింది. ఆటో వచ్చి ఆగి హారన్ కొట్టినా అలివేలు పోలేదు, గడపలోనే నిలబడిపోయింది. ఐలన్న చెయ్యి పిల్ల వీపు మీద అటూ ఇటూ తిరుగుతోంది. ఆయన భయం ఆయనకు ఇంకా పోలేదు. పోకుండానే అడిగాడు. బీరన్న తడికకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. మంద ఎవరి చేలో పడుతుందో, ఎవరు తిడతారో తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు.